కైసరు ఔగుస్తు, కోవెంట్రీ శాఖ

కోవెంట్రీ,
8 సెప్టెంబరు 2024

అక్కకు జార్జి వందనాలు.

ఫోను మానేసి ఉత్తరం రాయడం నీ ఆజ్ఞ ప్రకారమే. మొన్న మన మాటలు గోంగూర పచ్చడి దగ్గర మొదలై, నాన్న అమ్మేసిన చీరాల స్థలం దాకా వెళ్ళి, నువ్వు ఫోను పెట్టేయడంతో ముగిశాయి. "ఇకమీదట ఏదున్నా కాగితం మీద రాయమనండి, అప్పుడైతే నా మాటకి అడ్డురాడు" అని బావతో చెప్పించావు. రాస్తున్నాను.

విశేషమేమిటంటే, డిసెంబరు పద్నాలుగున మా తెలుగు ఫెలోషిప్ వేసే క్రిస్మస్ నాటకంలో నాకు వేషం ఇచ్చారు. ఇన్నేళ్ళూ కుర్చీలు వేయడం, కుర్చీలు తీయడమే నా పాత్ర. ఈసారి నాటకం బాధ్యత అనూషది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే పిల్ల, ముప్పై నిండలేదు, ఎవరినైనా నవ్వుతూనే పనిలో పెట్టేస్తుంది. "జార్జి అంకుల్, మీరు కైసరు ఔగుస్తు" అంది. అంటే అగస్టస్ సీజరు, రోమా చక్రవర్తి! పొంగిపోయాను. తీరా చూస్తే ఒక్కటే మాట. లోకమంతటా జనాభా లెక్క రాయాలని ఆజ్ఞ ఇచ్చి లోపలికి వెళ్ళిపోవాలి. గొర్రెల కాపరికి నాకంటే ఎక్కువ మాటలున్నాయి. ఒంటెకి ఏకంగా పాటే ఉంది.

ఇంటికొచ్చి అక్సాతో మొరపెట్టుకున్నాను. అది స్కూల్లో హిస్టరీ చెప్తుంది కదా. "డాడ్, ఆయన ఆర్డర్ వేయకపోతే యోసేపు, మరియ బేత్లెహేము వెళ్ళరు. హి స్టార్ట్స్ ఎవ్రీథింగ్" అని నా చేతిలో లావుపాటి పుస్తకం ఒకటి పెట్టింది. చదువుతున్నాను. మామూలు మనిషి కాదక్కా ఆయన.

ఫెబా వంటింట్లోంచి "మీ అక్కయ్యని అడిగానని రాయండి" అంటోంది. బావ షుగరు ఎలా ఉంది?

నీ తమ్ముడు
జార్జి


ఇల్ఫర్డ్,
16 సెప్టెంబరు

ఒరే జార్జీ,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను డ్యూటీ దిగి పడుకున్నాను. మీ బావ కళ్ళజోడు లేకుండా పైపైన చూసి నన్ను తట్టి లేపారు. "కృపా, కోవెంట్రీలో సీజరంట. డిసెంబరు పద్నాలుగున. అక్సా పేరు కూడా ఉంది" అన్నారు. జీవితమంతా కాన్పులు చేస్తూ వచ్చిన మిడ్‌వైఫ్‌ని, సీజరంటే నాకింకేం తోస్తుంది? పెళ్ళై ఏడాదన్నా కాలేదు, మేనత్తకి ఒక్క మాట చెప్పకుండా ఆపరేషన్ డేటు దాకా వెళ్ళారా అని ఏడుపొచ్చింది. వెంటనే హేస్‌లో మీ వియ్యపురాలికి ఫోను చేశాను. "వదినగారూ, మీకైనా చెప్పారా?" అన్నాను. ఆవిడ "మా ఫ్రెడీ నాకే చెప్పలేదా!" అని ఫోను పెట్టేసింది.

అప్పుడు లేచి టీ పెట్టుకుని ఉత్తరం నేను చదివాను.

మళ్ళీ హేస్‌కి చేశాను. ఎంగేజ్. ఆ తర్వాత చేసినా ఎంగేజే. ఆవిడ హేస్ అంతటికీ చెప్తున్నట్టుంది. నువ్వే ఏదో సర్దు.

వేషం సంగతి. ఒక్క మాటే అయినా గట్టిగా చెప్పు. సండే స్కూల్లో గబ్రియేలు దూత వేషం వేసినప్పుడు శుభవార్త చెప్పడం మర్చిపోయి, స్టేజి మీద అమ్మని మంచినీళ్ళు అడిగావు. ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు.

షుగరు మీ బావ ఒంట్లో అలాగే ఉంది. నేనిచ్చే టీలో మాత్రం లేదు.

కృప అక్క


కోవెంట్రీ,
29 సెప్టెంబరు

అక్కా,

నేను సర్దేలోపే హేస్ నుంచి పార్సిల్ దిగింది. చిన్న ఊలు స్వెటరు, టోపీ, మేజోళ్ళు. ఆవిడ ఎప్పుడు అల్లిందో ఏమో! అక్సా రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అల్లుడు ఫ్రెడీ వాళ్ళమ్మని కూర్చోబెట్టి, సీజరు వేరు, సిజేరియన్ వేరు అని ఓపిగ్గా చెప్పాడట. అంతా విని ఆవిడ, "సరే నాన్నా, స్వెటరు మాత్రం తిరిగి పంపొద్దు" అందట.

ఇక ఔగుస్తు. జూలియస్ సీజరు ఆయన తల్లికి మేనమామ. ఆ సీజరుని నిండు సభలో పొడిచి చంపారు. వీలునామా విప్పితే ఈ పిల్లాణ్ణి దత్తత తీసుకున్నట్టు ఉంది. అప్పటికి పద్దెనిమిదేళ్ళవాడు, ఎప్పుడూ ఏదో ఒక జబ్బు. ఆంటోనీ అనే పెద్ద సేనాని, "పేరు తప్ప వీడికేముంది?" అని తీసిపారేశాడు. కుర్రాడు ఎదురు చెప్పలేదు. ఆ పేరు పట్టుకునే సీజరు దగ్గర పనిచేసిన పాత సైనికుల్ని తనవైపు తిప్పుకున్నాడు. తర్వాత అదే ఆంటోనీతో చేతులు కలిపాడు. చివరికి అదే ఆంటోనీని సముద్రం మీద ఓడించాడు. ఇంత చేసినవాడు చలికాలంలో నాలుగు చొక్కాలు ఒకదానిమీద ఒకటి వేసుకునేవాడట! ఉరుమంటే హడలట. భార్యతో ముఖ్యమైన సంగతి మాట్లాడాలంటే ముందు కాగితం మీద రాసుకునేవాడట. చదువుతుంటే మనింట్లో మనిషిలా అనిపించాడు.

ఇంకో వార్త. ఎడ్విన్‌కి మోకాలి ఆపరేషన్ అయింది. ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు తన గదిలో సగం మంచం ఇచ్చినవాడు, ఫెలోషిప్‌కి మొదటినుంచీ ప్రెసిడెంటు. వాడు కోలుకునేదాకా నన్ను చూసుకోమన్నారు. తాత్కాలికంగానే. మొదటి ఆదివారమే భోజనాల దగ్గర తోపులాట చూసి, పెద్దవాళ్ళూ పసిపిల్లల తల్లులూ ముందు, కుర్రాళ్ళు చివర అని లైను పెట్టాను. బిర్యానీ ఆఖరి మనిషి దాకా సరిపోయింది. మా ఫెలోషిప్ చరిత్రలో ఇదే మొదటిసారి.

అప్పుడు జనం నావైపు చూసిన చూపు, అక్కా, ఏం చెప్పను!

జార్జి


ఇల్ఫర్డ్,
9 అక్టోబరు

జార్జి చక్రవర్తి గారికి,

బిర్యానీ ఆఖరి మనిషి దాకా సరిపోయేలా చేయడం సామాన్యుల వల్ల అవుతుందా? ఇంకా ఆలస్యం దేనికి, రాజ్యమంతా నువ్వే ఏలు. పాపం ఎడ్విన్ ఎందుకింక, మోకాలు కూడా సరిగా లేనివాడు? ఒక కిరీటం కూడా చేయించుకో. దిష్టి తగలకుండా నేను పచ్చిమిరపకాయలు పంపిస్తాను.

ఇక్కడ మా డ్యూటీల రోటా మళ్ళీ మార్చారు. కాళ్ళు లాగుతున్నాయి, ఉంటాను.

కృప


కోవెంట్రీ,
27 అక్టోబరు

అక్కా,

నీ ఉత్తరం చదివి కళ్ళు చెమ్మగిల్లాయి. చిన్నప్పటినుంచీ నన్ను ఒక్క మాట మెచ్చుకోనిదానివి, నీ అంతట నువ్వే "రాజ్యమంతా నువ్వే ఏలు" అన్నావు. ఫెబాకి చదివి వినిపించాను. ఆమె ఎందుకో నవ్వింది. మనం దిష్టి నమ్మం కాబట్టి మిరపకాయలు కూరలో వేసుకుంటాం.

కిరీటం మాత్రం వద్దు. ఔగుస్తు పెట్టుకోలేదు. రోమావాళ్ళకి రాజు అనే మాటే గిట్టదు. సీజరుని చంపింది కూడా రాజు అవుతాడేమోననే. అందుకని ఈయన "నేను పౌరుల్లో మొదటివాణ్ణి, అంతే" అనేవాడట. నేనూ ప్రెసిడెంటు అనొద్దన్నాను. మొదటి సేవకుడు అనమన్నాను. పిల్లలు "ఫస్ట్ సర్వెంట్ అంకుల్" అంటున్నారు.

హాలు తాళాలు, కార్ పార్కింగు, టీ రోటా, వాట్సాప్ గ్రూపు ఇప్పుడు నా చేతిలోనే. గ్రూపులో నేను తప్ప ఎవరూ మెసేజ్ పెట్టకుండా సెట్టింగ్ మార్చాను. పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ గులాబీలు ఆగిపోయాయి. ఔగుస్తు తెచ్చిన రోమా శాంతి అంటే ఇదేనని ఫెబాకి వివరించబోతే పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

ఎడ్విన్ కర్ర పట్టుకుని వస్తున్నాడు. చిన్నబుచ్చకూడదని "గౌరవ అధ్యక్షుడు" అని పేరు పెట్టి ముందు వరసలో కుర్చీ వేయించాను. రోమాలోనూ ఇంతే. లెపిదు అని పాత భాగస్వామి ఒకడుండేవాడు. ఔగుస్తు అతని అధికారమంతా తీసేసుకుని, ప్రధాన యాజకుడనే బిరుదు మాత్రం వదిలాడు.

ఇప్పుడు అసలు ఘట్టం విను. శత్రువులు అందరూ అయిపోయాక ఔగుస్తు సెనేటుకి వెళ్ళి, "నా అధికారమంతా మీకే తిరిగి ఇచ్చేస్తున్నాను" అన్నాడు. సభంతా "మమ్మల్ని వదిలిపోవద్దు" అని బతిమాలింది. ఇష్టం లేనట్టు ఒప్పుకున్నాడు. ఔగుస్తు అనే బిరుదు ఇచ్చింది అప్పుడే. తర్వాత ఏకంగా క్యాలెండర్లో ఒక నెలకి ఆయన పేరు పెట్టారు. ఇన్ని వందల ఏళ్ళు పోయినా నా హాలిడే ఆగస్టులోనే పడుతోంది.

నవంబరు పదహారున మా సర్వసభ్య సమావేశం. నేనూ అన్నీ తిరిగి ఇచ్చేస్తాను. ఎడ్విన్‌కి మాత్రం చెప్పీ చెప్పనట్టు చెప్పి ఉంచాను. "నేను తప్పుకుంటానన్నప్పుడు నువ్వు లేచి ఏమనాలో తెలుసు కదా?" అన్నాను. "తెలుసురా" అని నా భుజం తట్టాడు.

నీ ఆశీర్వాదం ఉంది కాబట్టి నాకు భయం లేదు.

జార్జి


ఇల్ఫర్డ్,
4 నవంబరు

ఒరే వెర్రివాడా,

వెటకారం కూడా తెలియదా నీకు? అది ఆశీర్వాదమా? చదివి మీ బావ సోఫాలోంచి కింద పడ్డారు.

సమావేశంలో ఆ మాట అనొద్దు. కాన్పు గదిలో ప్రతి తల్లీ ఏదో ఒక క్షణంలో "నావల్ల కాదు, ఇంటికెళ్ళిపోతాను" అంటుంది. మేము పోనివ్వం, ఎందుకంటే లోపల బిడ్డ ఉంది. నీ దగ్గర ఏముందిరా? తాళాలున్నాయి. తాళాలు బల్ల మీద పెట్టమంటారు, వెళ్ళిరమ్మంటారు. ఔగుస్తు వెనక సైన్యం ఉంది. నీ వెనక ఫెబా ఉంది, ఆమె కూడా పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

ముందు ఎడ్విన్ ఇంటికి వెళ్ళి, వాడి కాలు ఎలా ఉందో అడుగు. నువ్వు రాసిన మూడు ఉత్తరాల్లో ఆ ముక్క ఎక్కడా లేదు.

ఇది వెంటనే పోస్టు చేయమని మీ బావ చేతికిస్తున్నాను.

అక్క


కోవెంట్రీ,
19 నవంబరు

అక్కా,

నాలుగో తేదీన నువ్వు రాసిన ఉత్తరం నిన్న అందింది. కవరు మీద బావ చేతిరాత: "కోటు జేబులో ఉండిపోయింది. క్షమించు బావమరిదీ."

శనివారం సమావేశం జరిగింది. హాలు నిండా జనం. నేను లేచి, "ప్రియమైన సహోదరులారా, నా చేతుల్లో ఉన్నవన్నీ మీ చేతుల్లో పెడుతున్నాను" అని తాళాలగుత్తి బల్లమీద పెట్టాను. తల కొంచెం వంచి నిలబడ్డాను. ఎవరూ కదల్లేదు. ఎడ్విన్ కర్ర ఆనించుకుని లేచాడు. నా గుండె కుదుటపడింది.

"జార్జి బాగా అలిసిపోయాడండీ. ఎవరూ వద్దనకండి. వాణ్ణి పోనివ్వండి" అన్నాడు.

అక్కా, చప్పట్లు! ఈ దేశంలో నాకెవరూ అంత గట్టిగా చప్పట్లు కొట్టలేదు. వెనక నుంచి ఈల కూడా వినిపించింది. "అంటే, నా ఉద్దేశం..." అన్నాను. "థాంక్యూ అంకుల్! యు డిజర్వ్ ఎ రెస్ట్!" అన్నారు పిల్లలు. కుర్చీ చల్లబడకముందే అనూషని ప్రెసిడెంటుగా ఎన్నుకున్నారు. ఆ పిల్ల వాట్సాప్ సెట్టింగ్ మార్చినట్టుంది, ఇంటికి చేరేసరికి నా ఫోను నిండా గులాబీలు.

ఎడ్విన్ అంత మాట అంటాడని అనుకోలేదు. ఆంటోనీ నయం, ఎదురుగా యుద్ధానికొచ్చాడు. వీడు నా భుజం తట్టి మరీ ముంచాడు. వాడు ఫోను చేస్తున్నాడు, నేను ఎత్తడం లేదు. నాటకంలో కూడా వేయనని అనూషకి మెసేజ్ పెడతాను. ఒక్క మాట కోసం అంత దూరం పోవాలా?

నిద్ర పట్టడం లేదు. ఇందాక ఫెబా వచ్చి, "వంటింట్లో డబ్బాలు సైజు ప్రకారం లైనులో పెట్టడం ఇక ఆపండి" అంది.

జార్జి


ఇల్ఫర్డ్,
25 నవంబరు

జార్జీ,

"నేను చెప్పానా లేదా" అని నాలుగు పేజీలు రాసి చించేశాను. మీ బావ దగ్గరుండి చింపించారు.

ఒక్కటే అడుగుతాను. ఎడ్విన్‌ని ఆంటోనీ అంటున్నావు. ఆంటోనీ ఎవరికైనా సగం మంచం ఇచ్చాడా? నీకు మొదటి చలికాలంలో జ్వరం వస్తే, డ్యూటీ మానేసి నీకు గంజి కాచి పోసింది ఎవరు? నాకు ఇండియాకి ఫోను చేసి, "అక్కా, కంగారు పడకు, నేనున్నాను" అన్నది ఎవరు? వాడు అలా అన్నాడంటే ఏదో కారణం ఉంటుంది. అడగకుండా నీకెలా తెలుస్తుంది?

వేషం మానేస్తే నేనూరుకోను. పద్నాలుగున సెలవు పెట్టాను. బావా నేనూ వస్తున్నాం. ముందు వరసలో కూర్చుంటాను.

అక్క


కోవెంట్రీ,
16 డిసెంబరు

అక్కా,

ఆఖరి నిమిషంలో మీ వార్డులో మనుషులు లేక నిన్ను డ్యూటీకి పిలిచారని బావ ఫోను చేసి చెప్పారు. నువ్వు లేని ముందు వరస చూసి మొదట బాధనిపించింది, తర్వాత కాస్త ధైర్యం వచ్చింది. అంతా రాస్తాను.

ఫెబా ఊదారంగు కర్టెన్లు చుట్టి నన్ను చక్రవర్తిని చేసింది. హాల్లో హీటింగు సరిగా లేదు. లోపల నాలుగు చొక్కాలు వేశాను, ఔగుస్తు ఎంత తెలివైనవాడో అప్పుడు తెలిసింది. తెర వెనక్కి వెళ్తే అక్కడ ఎడ్విన్! లేఖకుడి వేషం వేయాల్సిన కుర్రాడికి జ్వరమట, అనూష వీణ్ణి పట్టుకొచ్చింది. నా ఆజ్ఞ రాసుకునే వేషం. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని, చెరో గోడ వైపు తిరిగాం.

"అంకుల్, మోకరించొద్దు, నిలబడే రాసుకోండి" అంది అనూష.

"చక్రవర్తి ముందు నిలబడతారా ఎవరైనా?" అన్నాడు వాడు.

తెర లేచింది. నేను సింహాసనం మీద కూర్చున్నాను. వాడు వచ్చి, కర్ర పక్కన పడేసి, మోకరించాడు. నేను నా మాట చెప్పాను. గట్టిగానే చెప్పాను అక్కా, ఒక పసిపిల్ల ఏడుపు కూడా అందుకుంది. ఇక వాడు లేచి వెళ్ళాలి, వెనక నేను వెళ్ళాలి. వాడు లేవలేదు. భక్తి అనుకుని జనం చూస్తున్నారు. వాడి ముఖం మీద చెమట.

"జార్జీ, కాలు పట్టేసిందిరా" అన్నాడు నాకు మాత్రమే వినపడేలా.

నెల రోజులుగా వాడికి చెప్పాలని దాచుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు. దిగాను. చంకల కింద చేతులు పెట్టి లేపాను. నడవలేడు. సింహాసనం ఒక్కటే దగ్గర్లో ఉంది, దాని మీదే కూర్చోబెట్టాను. వాడి చేతిలోని కాగితం, కలం తీసుకుని పక్కన నిలబడ్డాను. హాలంతా చూస్తోంది. నాకా, ఇంకో మాట లేదు. ఏదో ఒకటి అనాలి కదా!

"కైసరు మరో ఆజ్ఞ ఇస్తున్నాడు. మోకాళ్ళ నొప్పులున్న ప్రజలందరూ కూర్చునే ఉండవచ్చును!" అన్నాను.

ముందు వరసలో ఆంటీలంతా చప్పట్లు. ఈసారి నన్ను పంపించడానికి కాదు. తర్వాత ఎడ్విన్‌ని కదపడం కుదరక, గొర్రెల కాపరులు వచ్చినా, ఒంటె పాట పాడినా, వాడు సింహాసనం మీదే ఉన్నాడు, రోమా చక్రవర్తిని నేను పక్కన నిలబడే ఉన్నాను. పశువుల తొట్టిలో బొమ్మకి హేస్ స్వెటరు వేశారు. వియ్యపురాలు లేచి నిలబడి వీడియో తీసుకుంది.

భోజనాల దగ్గర నేను మూలన నిలబడ్డాను, నాకేం సంబంధం అని. అనూష మైకులో "జార్జి అంకుల్ లైన్ ప్లీజ్" అంది. పెద్దవాళ్ళు ముందు, తల్లులు తర్వాత, కుర్రాళ్ళు ఆఖరున, ఎవరూ చెప్పకుండానే నిలబడ్డారు. అక్సా నా పక్కకి వచ్చి, "ఆయనకి ఒక నెల. మీకు ఒక క్యూ. నాట్ బ్యాడ్, డాడ్" అంది.

ఎడ్విన్‌ని నా కార్లోనే ఇంటికి తీసుకెళ్ళాను. సోఫాలో కూర్చోబెట్టి, కాలి కింద దిండు పెట్టి, అడిగేశాను.

"ఆ రోజు అలా ఎందుకన్నావురా?"

వాడు తెల్లబోయాడు. "నువ్వేగా ముందే చెప్పావు, ఏమనాలో తెలుసు కదా అని! ఏటా నేను తప్పుకుంటానంటూనే ఉన్నాను జార్జీ, నిజంగానే. ఏటా మీరంతా వద్దు వద్దనేవాళ్ళు. అందరికంటే గట్టిగా అరిచేది నువ్వే. ఒక్కడైనా లేచి, వీణ్ణి పోనివ్వండి అంటాడేమోనని చూసేవాణ్ణి. ఎవరూ అనలేదు. నీకు ఆ గతి పట్టకూడదని, కాలు నొప్పి పెడుతున్నా లేచి నిలబడ్డానురా."

అప్పుడు నేనూ నిజం చెప్పేశాను. సెనేటు, బతిమాలడం, ఇష్టం లేనట్టు ఒప్పుకోవడం, అంతా. వాడు విని విని నవ్వడం మొదలుపెట్టాడు. కాలు అదురుతుంది ఆపరా అన్నా ఆపలేదు. నాకూ నవ్వొచ్చింది. ఫెబా రెండుసార్లు ఫోను చేసినా మేమిద్దరం ఎత్తలేకపోయాం.

వాడి కాలు నయమవుతోంది. నువ్వు అడగమన్నావు కాబట్టి రాస్తున్నాను. కాదు, నేనే అడిగాను.

జార్జి


ఇల్ఫర్డ్,
20 డిసెంబరు

తమ్ముడూ,

ఉత్తరం వచ్చింది. ముందు నేనే చదివాను, మీ బావకి ఇవ్వలేదు. ఆయనకి పైకి చదివి వినిపిస్తూ ఎడ్విన్ మాట దగ్గర ఉత్తరం పక్కన పెట్టేశాను. మిగతాది ఆయనే తీసుకుని చదివారు, ఈసారి కళ్ళజోడు పెట్టుకుని.

జనవరి నాలుగు శనివారం నాకు డ్యూటీ లేదు. ఉండదని మేనేజరు చేత గట్టిగా చెప్పించుకున్నాను. ఫెబానీ పిల్లల్నీ తీసుకుని ఇక్కడికి రండి. ఎడ్విన్‌ని ముందు సీట్లో కూర్చోబెట్టు, కాలు చాపుకోవాలి. చేపల పులుసు పెడతాను, రొయ్యల వేపుడు కూడా. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ముందు తినాలో, ఎవరు గిన్నెలు కడగాలో ఆ రోజు నేనే చెప్తాను.

ఇక్కడ ఓట్లు లేవు. తప్పుకోవడాలు కూడా లేవు.

మీ అక్క
కృపామణి